కాలు ఆడుతుంది... గుండె జంకుతుంది!

డిస్కో అనగానే మీ కళ్ళముందు ఏం మెదులుతుంది? తళతళలాడే అద్దాల బంతి, కింద రంగులు మారే గాజు ఫ్లోరు, బెల్‌బాటమ్ ప్యాంటు, మెరుపుల చొక్కా, తెల్లబూట్లు... అంతేగా! మనవాళ్ళలో చాలామందికి డిస్కో అంటే 1982లో వచ్చిన 'డిస్కో డాన్సర్', మిథున్ చక్రవర్తి నడుము, బప్పీలహరి మెడలో గొలుసులు. ఇంకొంచెం వెనక్కి వెళితే 1980 నాటి 'కుర్బానీ'లో నాజియా హసన్ లేతగొంతు. ఆ పాటకి బాణీ కట్టిన బిద్దూ మన పక్కనున్న బెంగుళూరు కుర్రాడే సుమా! మొత్తానికి హుషారు, సంబరం. పండగపూట పిల్లల చేతిలో మతాబు లాంటిది డిస్కో.

ఇప్పుడొక చిన్న ప్రశ్న. ఈ మతాబు వెలుగులో ఎవరైనా భయపెట్టే కథ చెప్తే? ఆకలి తీరుద్దామని మనిషి నేలలోకి మందులు దింపాడు. అవి తాగి భూమి అడుగున ఉన్న ప్రాణులు వికృతంగా పెరిగాయి. ఇప్పుడవి పైకొచ్చి మనిషిమీద పగ తీర్చుకుంటున్నాయి. ఇలాంటి కథని అద్దాల బంతి కింద నిలబడి పాడితే కుర్రకారు డాన్సు చేస్తారా, బూట్లు చేతబట్టుకుని పారిపోతారా?

చేశారండీ, డాన్సే చేశారు! 1977లో మొదలుపెట్టి ఇవాళ్టిదాకా చేస్తూనే ఉన్నారు. ఆ రికార్డు పేరు 'సూపర్‌నేచర్'. కట్టినవాడు సెరోన్ అనే ఫ్రాన్సు డ్రమ్మరు. ఈ వారం మన కబుర్లన్నీ దాని గురించే. అంతకంటే సరదాగా, అంతకంటే తీపిగా ఉన్న డిస్కో రికార్డులు వందలకొద్దీ అటకెక్కాయి. ఈ చీకటి రికార్డు మాత్రం ఎందుకు బతికింది? అదీ నన్ను పట్టుకున్న సందేహం.

వెనక వరస నుంచి ముందుకు

మార్క్ సెరోన్ 1952లో పారిస్‌ని ఆనుకుని ఉన్న విత్రీ సుర్ సేన్‌లో పుట్టాడు. ఇటలీ మూలాలున్న కుటుంబం. చిన్న వయసులోనే డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. 'కొంగాస్' అనే బృందంలో కొన్నాళ్ళు వాయించాడు.

డ్రమ్ములవాడి బతుకెలా ఉంటుందో మీకు తెలియంది కాదు. మన పాత సినిమా రికార్డింగుల్లో చూడండి... గాయకుడు మైకు ముందు, వయొలిన్లవాళ్ళు వరసలు కట్టి హాల్లో, డ్రమ్ములవాడు ఎక్కడో ఓ మూల! పాట హిట్టయితే సంగీత దర్శకుడికి దండ, గాయకుడికి శాలువా. దరువు కొట్టినవాడి పేరు అడిగే నాథుడు లేడు. సెరోన్ ఆ మూలనుంచి లేచి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముని పాట మొత్తానికీ పైన కూర్చోబెట్టాడు. గొంతులు, తీగలు, బాకాలు అన్నీ దాని చుట్టూ తిరగాల్సిందే.

1976లో మొదటి రికార్డు వేశాడు. పేరు 'లవ్ ఇన్ సి మైనర్'. ఒక సైడు మొత్తం ఒకటే పాట, పదహారు నిమిషాలు! రేడియోవాళ్ళకి కావాల్సింది మూడు నిమిషాల పాట. కంపెనీలవాళ్ళు పెదవి విరిచారు. కుర్రాడు వెనక్కి తగ్గలేదు. 'మాలిగేటర్' అని సొంత లేబుల్ పెట్టుకుని రికార్డు బయటికి వదిలాడు. డాన్సు క్లబ్బులవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకున్నారు. ఎందుకంటారా? డాన్సు చేసేవాడికి మూడు నిమిషాలంటే ఒళ్ళు వేడెక్కడానికే సరిపోదు. ఊపు అందుకునేసరికి పాట అయిపోతే ఎంత చిరాకు! పదహారు నిమిషాల పాట అంటే వాళ్ళకి పెళ్ళి భోజనమే.

ఆ మరుసటి ఏడు సెరోన్ మూడో రికార్డు 'సూపర్‌నేచర్' వచ్చింది. లండన్‌లోని ట్రైడెంట్ స్టూడియోలో తయారైంది. బీటిల్స్ 1968లో 'హే జూడ్' రికార్డు చేసిన స్టూడియో అదే. పాట కట్టడంలో సెరోన్‌కి తోడుగా నిలిచినవాడు అలాన్ విస్నియాక్. ఈసారి వయొలిన్లు వెనక్కి తగ్గాయి. సింథసైజర్ అనే కరెంటు వాద్యం ముందుకొచ్చింది.

ఒక సైడంతా చీకటే

మొదటి సైడు మీద ముల్లు పెట్టగానే ఏం వినిపిస్తుందో చెప్తాను. లోతైన, చల్లటి, లోహపు మోత. ఏదో పెద్ద జంతువు చీకట్లో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. దానిమీద దరువు మొదలవుతుంది. నాలుగు దెబ్బలు, నాలుగూ సమానం. ఊళ్ళో రాత్రిపూట పిండిమర ఆడుతుంటే గోడలు అదిరినట్టు అదురుతుంది. ఆ తరువాత ఆడగొంతులు. ఏడవవు, అరవవు. చందమామ కథ చెప్పినంత నిదానంగా అనగా అనగా అని మొదలుపెట్టి, చెప్పరాని మాటలు చెప్పుకుపోతాయి.

కథ మీకు ముందే చెప్పేశాను. కానీ అందులో రెండు మెలికలున్నాయి. మొదటిది: ఇక్కడ విలన్ లేడు! పిచ్చి సైంటిస్టు పకపకా నవ్వుతూ సీసాలు కలపడం ఉండదు. మంచి చేద్దామనే తలుపు తెరిచారు. పంట ఎక్కువ రావాలనే మందు చల్లారు. అక్కడే బెసికింది. రెండోది: పగబట్టిన ఆ ప్రాణుల పక్షానే దేవుడు కూడా ఉన్నాడంటుంది పాట. మన సినిమాల్లో ఆఖరి రీల్లో గుడిగంటలు మోగి హీరోకి బలం వస్తుంది కదా. ఇక్కడ ఆ గంటలు అవతలివాళ్ళకోసం మోగాయి! ఇక చివర్లో, ముగింపు మంచిదా చెడ్డదా అన్నది వినేవాడిమీద పెట్టేసి తప్పుకుంటుంది.

సుమారు పది నిమిషాల ఈ పాట అయ్యాక రికార్డు ఆగదు. 'స్వీట్ డ్రమ్స్'లోకి జారుతుంది. అందులో సెరోన్ చేతులు విప్పి డ్రమ్ములు వాయిస్తాడు. అది కరిగి 'ఇన్ ది స్మోక్' అవుతుంది. దాని పేరే పొగలో అని. పొగ కమ్మిన ఊళ్ళోంచి నడిచి వెళుతున్నట్టు, ఎవరూ మిగలనట్టు ఉంటుంది. అలా ఒక సైడు పూర్తవుతుంది.

అట్ట కూడా కథ చెప్పేదే. ఆపరేషన్ థియేటర్ లాంటి గది. మనిషి ఒళ్ళు, జంతువు తల ఉన్న ఆకారాలు. వాటి మధ్య సెరోన్. ఇంగ్లీషు నవలలు చదివే అలవాటున్నవాళ్ళకి హెచ్.జి. వెల్స్ 1896లో రాసిన 'ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మొరో' గుర్తురాక మానదు. బర్ట్ లాంకాస్టర్ నటించగా ఆ నవల సినిమాగా వచ్చింది కూడా 1977లోనే!

నిజం చెప్పొద్దూ, లోపం కూడా ఉంది. రెండో సైడు తిప్పితే చీకటి మాయం. 'గివ్ మి లవ్', 'లవ్ ఈజ్ హియర్', 'లవ్ ఈజ్ ది ఆన్సర్'... పేర్లు చూస్తేనే తెలియడం లేదూ? చక్కటి డిస్కో పాటలే. అయినా ఇంటర్వెల్ ముందు హారర్ సినిమా, తరువాత హానీమూన్ సినిమా చూపిస్తే ఎలా ఉంటుంది? ఒక కథ మీద కట్టిన రికార్డు అని దీన్ని పూర్తిగా అనలేం. సగం రికార్డు కథ. ఆ సగమే దాన్ని బతికించింది.

ఊరికే పుట్టిన భయం కాదు

కథ వినడానికి జానపద చిత్రంలా ఉందనిపిస్తోందా? ఆ రోజుల్ని కాస్త తలుచుకోండి. పురుగుమందులు పక్షుల్ని ఎలా మింగుతున్నాయో 1962లోనే రేచల్ కార్సన్ అనే అమెరికా రచయిత్రి 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో రాసింది. పదేళ్ళకి, 1972లో, అమెరికాలో పంటలమీద డి.డి.టి. వాడకం నిషేధించారు. ఈ రికార్డుకి సరిగ్గా ఏడాది ముందు, 1976 జూలైలో ఇటలీలోని సెవెసో దగ్గర రసాయన ఫ్యాక్టరీ నుంచి డయాక్సిన్ అనే విషం గాల్లోకి వచ్చింది. పశువులు, కోళ్ళు, కుందేళ్ళు చచ్చిపోయాయి. పిల్లల ఒంటిమీద పుళ్ళు లేచాయి. ఊళ్ళు ఖాళీ చేయించారు. అంటే పాటలోని భయం యూరప్ జనానికి దినపత్రికలో చదివిన భయమే.

మనకి? 1984 డిసెంబరులో భోపాల్ ఉంది. అది పురుగుమందు తయారుచేసే ఫ్యాక్టరీ అన్న సంగతి మరిచిపోకండి. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలున్నాయి. పురుగుని చంపని మందు, అప్పుతీర్చలేని రైతుని చంపింది. ఆ డబ్బా వాసన తెలిసిన ఇంటి పిల్లలు ఈ పాటని ఇంకోలా వింటారు. వాళ్ళకి దీన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

పేరు పడని కలం

ఇంతకీ ఈ మాటలు రాసిందెవరు? ఇదొక ముచ్చటైన, కాస్త మండిపోయే కథ. రాసింది లీనా లోవిచ్ అనే అమ్మాయి. 1949లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టి, చిన్నప్పుడే ఇంగ్లండు చేరింది. అప్పటికింకా పేరు లేదు. 'సూపర్‌నేచర్' రికార్డుమీద కూడా ఆమె పేరు పడలేదు! కోట్లమంది కాళ్ళు కదిపిన పాట, మాట రాసినవాళ్ళ ఊసు లేదు.

మన చిత్రసీమ సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. మద్రాసు రోజుల్నుంచీ ఘోస్టు రచయితలు అన్న మాట మనకు ఉండనే ఉంది. టీ నీళ్ళు తాగి, అద్దె గదుల్లో కూర్చుని సీన్లు, పాటలు రాసిచ్చినవాళ్ళు ఎందరో! టైటిల్స్‌లో మాత్రం వేరే పేరు. లీనాకి అదృష్టం కొంత మేలు. 1979లో ఆమె సొంతంగా పాడిన 'లక్కీ నంబర్' ఇంగ్లండులో పెద్ద హిట్టయి పేరొచ్చింది. 'సూపర్‌నేచర్' మాటలు ఆమెవే అని ఇవాళ లోకానికి తెలుసు. నా మటుకు నాకు, ఆ రికార్డుకి సెరోన్ చేతులు ఎంతో లీనా కలం అంత. దరువొక్కటే ఉంటే అది మంచి డిస్కో పాటగా మిగిలిపోయేది.

మేనల్లుడి పరీక్ష

ఈ మాట నిజమా కాదా అని ఓ పరీక్ష పెట్టాను. మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు వాడికి పేరు చెప్పకుండా, ఏ కాలంనాటిదో చెప్పకుండా పాట పెట్టాను. అర నిమిషంలో వాడి మోకాలు ఆడటం మొదలైంది. రెండు నిమిషాలకి తల కూడా.

"బీటు అదిరింది మావయ్యా! ఎవరీ డి.జె.? కొత్తవాడా?"

"నువ్వు పుట్టకముందే మీ అమ్మ కూడా గౌను వేసుకుని తిరిగే రోజుల్లోది రా."

వాడు నమ్మలేదు. సరే, మాటలు కాస్త చెవిపెట్టి విను అన్నాను. మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. నాలుగైదు నిమిషాలయ్యాక నావైపు తిరిగి, "మావయ్యా, ఇదేంటి... పొలాల్లో మందుల గురించా?" అన్నాడు.

"అవును."

"మరి ఇంత హ్యాపీగా డాన్సు చేస్తున్నారేంటి జనం?"

నేనేం జవాబు చెప్పలేదు. వాడి మోకాలు మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది!

అదీ ఈ రికార్డు చేసే పని. ముందు ఒంటిని పట్టుకుంటుంది. తరువాత బుర్రని. బుర్రకి విషయం తెలిసేసరికి ఒళ్ళు దాని మాట వినే స్థితిలో ఉండదు. ఆలోచిస్తే ఆ మందుల కథ కూడా ఇంతే కదా? లాభం కంటికి కనిపిస్తోంది, పంట ఊపుమీద ఉంది, ఆపుదామని ఒకపక్క తెలుసు, చెయ్యి మాత్రం చల్లుతూనే ఉంటుంది. ఆగలేకపోవడం ఎలా ఉంటుందో పాట మనకి చెప్పదు, మనచేత చేయించి చూపిస్తుంది. ఇదే మాట ఉపన్యాసంలో చెప్పి ఉంటే ఆవలించి ఊరుకునేవాళ్ళం.

కాలు కదిపిస్తూ కన్నీళ్ళ కథ చెప్పడం మన జనానికి కొత్తేం కాదనుకోండి. బుర్రకథలో తంబురా మీటుతూ, అందె కదుపుతూ బొబ్బిలి కోట కూలిన వైనం చెప్తుంటే తెల్లవార్లూ కూర్చుని వినలేదూ? తాండ్ర పాపారాయుడి ఆవేశానికి చప్పట్లు, అంతలోనే కళ్ళలో నీళ్ళు. దరువు, దుఃఖం పక్కపక్కన కూర్చోగలవని మన తాతలకి తెలుసు.

ఇంకో కారణం కూడా ఉంది. అదే 1977లో డోనా సమ్మర్ పాడగా జార్జియో మొరోడర్ తయారుచేసిన 'ఐ ఫీల్ లవ్' వచ్చింది. దాని వెనక యంత్రం మోత అంతా రాబోయే కాలంలా ఉంటుంది. 'సూపర్‌నేచర్' వేరు. ఇక్కడ చల్లటి సింథసైజర్‌కి ఎదురుగా నిజమైన మనిషి కూర్చుని, చెమటలు కక్కుతూ డ్రమ్ములు వాయించాడు. ఒక పక్క యంత్రం, ఒక పక్క ప్రాణి. కథలో ఉన్న పోట్లాటే వాద్యాలమధ్య కూడా జరుగుతుంది. అందుకే పాతబడలేదు.

తగలబెట్టినా చావలేదు

డిస్కోకి శత్రువులు తక్కువేం లేరు. 1979 జూలై 12న అమెరికాలో చికాగో నగరపు కొమిస్కీ పార్క్ స్టేడియంలో, రెండు బేస్‌బాల్ మ్యాచ్‌ల మధ్య, డిస్కో రికార్డుల్ని గుట్టపోసి పేల్చేశారు. జనం మైదానంలోకి తోసుకొచ్చి ఎంత రభస చేశారంటే రెండో మ్యాచ్ జరగనే లేదు. "ఇది బుర్రలేని సంగీతం" అని వాళ్ళ ఫిర్యాదు. కానీ డిస్కోని పెంచి పోషించినవాళ్ళలో నల్లవాళ్ళు, లాటిన్ జనం, లోకం వెలివేసిన స్వలింగ ప్రేమికులు ఎక్కువమంది. ఆ మంటల్లో సంగీతం మీద కోపం ఒక్కటే మండిందని నేననుకోను.

బుర్రలేని సంగీతమట! నేల, నీరు, విషం గురించి ఆ ఏడు ఇంత సూటిగా మాట్లాడిన హిట్ పాటలు ఎన్నున్నాయో చూపించమనండి. పైగా 'సూపర్‌నేచర్' 1978లో ఇంగ్లండు టాప్ టెన్‌లోకి ఎక్కిన పాట.

తరువాతి కథ గబగబా చెప్పేస్తాను. 1989లో ఎరేజర్ అనే ఇంగ్లీషు జంట దీన్ని మళ్ళీ పాడింది. 2001లో ఫ్రాన్సుకే చెందిన డి.జె. బాబ్ సింక్లార్ సెరోన్ పాటల్ని కొత్తగా కలిపి ఒక ఆల్బమ్ తెచ్చాడు. 2018లో గాస్పర్ నోయే తీసిన 'క్లైమాక్స్' సినిమా చూశారా? మొదట్లో డాన్సర్లంతా కలిసి ఒళ్ళు విల్లులా వంచుతూ చేసే పెద్ద డాన్సు ఒకటుంది. దాని వెనక మోగేది ఇదే. ఆ తరువాత వాళ్ళు తాగిన సారాలో ఎవరో మత్తుమందు కలిపారని తెలిసి సినిమా నరకంగా మారుతుంది. పిల్లలు చూసే సినిమా కాదు సుమా! ఆ దర్శకుడు పాటని ఊరికే ఎంచుకోలేదని మాత్రం ఒప్పుకోవాలి. ముందు డాన్సు, తరువాత విషం. రికార్డు వరసే అది.

ఇక 2024 జూలై 26. పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం. ఈఫిల్ టవర్‌నుంచి లేజర్ కిరణాలు ఆకాశాన్ని చీలుస్తుంటే వెనక మోగింది 'సూపర్‌నేచర్'! ప్రకృతి పగబట్టిందని చెప్పే పాటకి ప్రపంచమంతా పండగ చేసుకుంది. ఆ రాత్రి పారిస్‌లో వాన కుండపోత. ప్రకృతి కూడా తన దరువు తాను వేసింది కాబోలు!

ఎలా వినాలి?

చివరగా ఒక సలహా. ఈ రికార్డుని బస్సులో, బజారులో, ఇంకో పని చేస్తూ వినకండి. రాత్రి భోజనాలయ్యాక, లైటు ఆర్పేసి, చెవుల్లో పెట్టుకుని మొదటి సైడులోని మూడు పాటల్ని వరసగా, మధ్యలో ఆపకుండా వినండి. మొత్తం కలిపి ఇరవై నిమిషాలు కూడా పట్టదు. మొదటిసారి మాటల జోలికి పోవద్దు. కాలు ఎటు లాగితే అటు పోనివ్వండి. రెండోసారి మాటలు వినండి. రెండోసారి కూడా కాలు ఆడితే కంగారుపడకండి, మా మేనల్లుడికీ ఆడింది. రెండో సైడు మాత్రం తెల్లారాక వినండి, అప్పుడే దానికి న్యాయం.

విన్నాక ఒక కార్డుముక్క రాయండి. పాట ముగింపుని మనమీద వదిలేసిందని చెప్పాను కదా... మీకేమనిపించింది? మంచి ముగింపా, చెడ్డదా? పల్లెటూరినుంచి, పొలం ఉన్న ఇంటినుంచి వచ్చే ఉత్తరాలకోసం నేను ప్రత్యేకంగా ఎదురుచూస్తుంటాను.

వచ్చే వారం ఇంకో రికార్డు ముచ్చటతో కలుసుకుందాం. అంతవరకు సెలవు!